వార్డు రిజిస్టరా, పీసీఆర్ రిపోర్టా?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే మనవాళ్లు చాలామందే. పేషెంటుకు తోడుగా ఇంటివాళ్లూ ఉంటారు. అలాంటి వార్డులోకి నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెప్పించి ఇట్టే అంటుకునే వైరస్) దూరితే ముందుగా పట్టిచ్చేది ఏది: నర్సు రిజిస్టరులో రాసే లక్షణాల లెక్కా, ల్యాబ్‌లో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షా?

పీసీఆర్ అది నోరోవైరసా, రోటావైరసా అన్నది తేల్చేస్తుంది. కానీ ఖర్చుంది, రిపోర్టుకు టైం పడుతుంది. పైగా జబ్బు తగ్గాక కూడా వారాల తరబడి వైరస్ మలంలో కనిపించవచ్చు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఇప్పటి వాంతులకు అదే కారణమని చెప్పలేం.

లక్షణాల లెక్కకు పెన్ను, రిజిస్టరు చాలు. నోరోవైరస్ వ్యాప్తిని గుర్తుపట్టడానికి 1982లో కాప్లాన్ అనే పరిశోధకుడి బృందం ఇచ్చిన కొలతలు ఇప్పటికీ పనికొస్తాయి: సగం మందికి పైగా వాంతులు, సోకాక సగటున 24–48 గంటల్లో లక్షణాలు, 12–60 గంటల్లో తగ్గుముఖం, మలంలో జబ్బు తెచ్చే బ్యాక్టీరియా లేకపోవడం. ఈ చివరిదానికి మాత్రం ల్యాబ్ కావాల్సిందే. పెద్ద లోటు ఇంకొకటుంది. మంచం పక్కన చాప మీద పడుకున్న అమ్మకు రాత్రంతా వాంతులైనా, ఆమెకు కేస్ షీట్ ఉండదు. ఆ మంచం నంబరు పక్కనే ఆమె సంగతీ రాసి తీరాలి.

నా ఓటు రిజిస్టరుకే. ఒకే వార్డులో ఇద్దరికి ఒకేసారి వాంతులు మొదలైతే రిపోర్టు కోసం ఆగకుండా వాళ్లను వేరుగా ఉంచాలి. శానిటైజర్ ఈ వైరస్‌పై అంతగా పనిచేయదు, సబ్బు నీళ్లే వాడాలి. పీసీఆర్‌కు కొద్ది నమూనాలు పంపితే చాలు. జబ్బుపడ్డ సిబ్బంది మాత్రం, తగ్గాక మరో 48 గంటలు డ్యూటీకి రాకూడదు.