పాలమూరుల టిబెటన్ స్వెటర్ల టెంట్లు: సరుకు ఎట్లుంది, రేట్లు ఎట్లున్నయి

మా కాలనీ గ్రూపుల రోజుకొకరు స్వెటర్లు ఎక్కడ కొనాలె అని అడుగుతున్నరు, అందుకే ఒక్కసారే వివరంగ రాసి పడేస్తున్న. మహబూబ్‌నగర్‌ల బస్టాండ్‌కి నడిచిపోయేంత దూరంల, రోడ్డు పక్క ఖాళీ జాగల దీపావళి ముందు టెంట్లేస్కొని కూసుంటరు సూడుండ్రి, గవే. అందరం నేపాలోళ్ళ స్వెటర్లు అంటం గని వాళ్ళు నేపాలోళ్ళు కారు, టిబెటన్లు. ఇంకా చెప్పాలంటే మన పక్క రాష్ట్రమోళ్ళే, కర్ణాటక నుంచి వస్తరు.

ముందుగాల సరుకు సంగతి. టిబెట్ ఉన్ని, మంచు కొండల గొర్రె ఉన్ని అని నమ్మి కొనేటోళ్ళు ఇంకా ఉన్నరు, అట్లాంటిదేం లేదు. మొత్తం లుధియానా మాల్. అక్కడి హోల్‌సేల్ వ్యాపారుల దగ్గర సీజన్‌కి ముందు అప్పు మీద ఎత్తుకొస్తరు, అమ్ముకున్నంక పైసలు కడ్తరు, ఏండ్ల సంది ఇదే పద్ధతి. శానా మొదట్ల ఇంట్ల అల్లినయి అమ్మేటోళ్ళంట, తర్వాత తర్వాత అంత లుధియానా మిషన్ మాలే అయింది. లేబుల్ మీద పెద్దగ వూల్ అని ఉంటది గని లోపల ఎక్కువగ ఆక్రిలికే.

ఈ సంగతి నాకు షాపామెనే చెప్పింది. ఇది ఉన్నేనా అని అడిగితే నోటితోని జవాబియ్యలే, స్వెటర్ లోపల్నుంచి ఇంత దారం పోగు తెంపి లైటర్‌తోని అంటిచ్చింది. అది బుస్సున కరిగి నల్లటి గింజ లెక్క గట్టిపడ్డది. తర్వాత వెనక బీరువాలకెల్లి ఇంకో షాల్ తీసి దాని పోగు కాలిస్తే వెంట్రుకలు కాలిన కమురు వాసనొచ్చి బూడిదైంది. ఇది ఉన్ని, 1800. అది ఆక్రిలిక్, 450. ఏది గావాలె నీ ఇష్టం అన్నది. అమ్ముకునేటోళ్ళు తమ సరుకును తామే కాల్చి చూపిచ్చుడు మన బజార్ల నేనైతే ఎక్కడ చూడలే.

నేను 450ది హాఫ్ స్వెటర్ ఒకటి నాకు, పిల్లకు ముందట గుండీలున్నది ఒకటి తీస్కున్న. పిల్ల సైజు టేప్‌తోని కొలవలే, చెయ్యి చాపమని భుజం కాడ్నుంచి మణికట్టు దాంక తన జానతోని కొలిచి, ఒక సైజు పెద్దది తీస్కో, మడతేసి తొడుగు, వచ్చే ఏడాది గూడ వస్తది అన్నది. జర్కిన్ చూపియ్యమంటే మీ ఊరి సలికి ఇదెందుకు, పైసలు దండగ అని పక్కకు పెట్టింది. అవును మరి, ఎండలకు మాడే పాలమూరుల స్వెటర్ల దుకాణం నడుస్తుందంటేనే ఆశ్చర్యం, పొద్దుగాల వాకింగోళ్ళు, హాస్టల్ పిల్లలు, తెల్లారగట్ల బస్సెక్కే డైలీ సర్వీసోళ్ళు లేకపోతే వీళ్ళ గతేంటిది అనిపిస్తది.

రేట్లు ఫిక్స్‌డ్. అట్ట మీద హిందీల, తెలుగుల రాసి కట్టిన్రు, తెలుగుల స్పెల్లింగ్ తప్పున్నది గని అర్థమైతది. నాలుగు టెంట్లు తిరిగినా ఒకే మాల్ ఒకే రేటు, కాబట్టి తిరిగి కాళ్ళు నొప్పి పెట్టుకోకుండ్రి. ఫోన్‌పే ఉన్నది. బిల్లియ్యరు, అదొక మైనస్. ట్రయల్ రూం లేదు, అద్దం ఒకటే ఉన్నది, అదీ పగిలింది.

ఇగ మనుషుల సంగతి. నాతోని మా అత్తమ్మ వచ్చింది, ఆమెది మక్తల్ దిక్కు, రాయచూర్ బార్డర్, ఇంట్ల సగం కన్నడమే. వాళ్ళ మాటలు విన్నదో ఏమో, ఏ ఊరక్కా అని కన్నడల అడిగింది. షాపామె టక్కున కన్నడలనే బైలకుప్పె అన్నది. ఇగ అయిపోయింది, నేను హిందీల నాలుగు ముక్కలు కలుపుకుంట నిలబడ్డ, వాళ్ళిద్దరు స్టూళ్ళేస్కొని కూసున్నరు. కూర్గ్ టూర్ పోయినోళ్ళు గోల్డెన్ టెంపుల్ అని ఫొటోలు దిగి వస్తరు గద, అదే బైలకుప్పె, మైసూరు జిల్లా.

షాపామెకు నడక రాని వయసుల వాళ్ళమ్మ వీపు మీద కట్టుకొని కొండలు దాటిందంట. 1959 మార్చిల టిబెట్ రాజధాని లాసాల తిరుగుబాటును చైనా సైన్యం అణిచేసినంక దలైలామా ఇండియాకి వచ్చిండు, ఆయన వెనక సుమారు 80 వేల మంది వచ్చిన్రు. మొదట్ల వీళ్ళల్ల శానా మందిని హిమాచల్ దిక్కు రోడ్డు పనులకు పెట్టిన్రు, కొండలు పగలగొట్టే పని. వాళ్ళ నాయిన ఆ పనిలనే సచ్చిపోయిండంట. తర్వాత మైసూరు రాష్ట్రం, అంటే ఇప్పటి కర్ణాటక, జాగ ఇస్తనంటే 1960 ఆఖర్ల సంది బైలకుప్పెకు తోలిన్రు. సుమారు 3 వేల ఎకరాల అడవి, మనిషికి ఎకరం లెక్క. చెట్లు కొట్టుడు, తుప్పలు కాల్చుడు, గుడిసెల మీదికి ఏనుగులొచ్చుడు. సల్లటి దేశంల పుట్టినోళ్ళకు ఇక్కడి ఎండ, జ్వరాలు పడక ముసలోళ్ళు శానా మంది పోయిన్రంట. ఇప్పుడు మక్కజొన్న ఏస్తరు, వానలు సక్కగ పడితే పంట, లేకుంటే లేదు, అందుకే పంట ఇంటికొచ్చినంక స్వెటర్లు మూటగట్టుకొని ఊర్లమీద పడ్తరు. ముండగోడు, హుణసూరు, కొల్లేగాల, ఒడిశాల చంద్రగిరి... ఇసొంటి సెటిల్మెంట్లన్నిట్ల చలికాలం పనంటే శానా మందికి ఇదే.

ఆ టెంట్లనే ఇంకో విచిత్రం. షాపామె, ఆమె బిడ్డ ఇద్దరు కూసుంటరు. తల్లి టిబెట్ల పుట్టింది, ఆమెకు విదేశీయుల లెక్క రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అని ఒక పుస్తకం, రెన్యువల్ చేయించుకుంటనే ఉండాలె. బిడ్డ 1984ల బైలకుప్పెల పుట్టింది. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపల ఇక్కడ పుడితే చట్టం ప్రకారం ఇండియా పౌరులే, 2010ల ఢిల్లీ హైకోర్టు ఒక టిబెటన్ అమ్మాయి కేసుల ఆ మాటే తేల్చి చెప్పింది. మరి నువ్వు ఓటర్ కార్డు చేయించుకున్నవా అని బిడ్డను అడిగితే నవ్వి, చేయించుకున్న, గని తమ్ముడు చేయించుకోలేదు, ఆడు వద్దంటడు అన్నది. ఎందుకు వద్దన్నడో చెప్పలే, నేను గుచ్చి అడగలే. ఆ తమ్ముడు ఫ్రాన్స్ పోయిండు. పిల్లగాండ్లంత బెంగళూరు, ఇంకా దూరం పోతున్నరు కాబట్టి టెంట్లు ఏడాదేడాదికి తగ్గుతున్నయి, ఈసారి చివరి రెండు జాగలు ఖాళీగనే ఉన్నయి.

ఇవన్ని మాట్లాడుతుంటే మా పక్కింటి అన్న అక్కడికే వచ్చిండు. ఆయనది కొల్లాపూర్ దిక్కు ముంపు ఊరు, 1981ల శ్రీశైలం నీళ్ళకు ఖాళీ చేయించిన ఊర్లల్ల ఒకటి. ముంపు కుటుంబాలకు సర్కారు ఉద్యోగం ఇస్తమన్న జీవో 98 కింద ఉద్యోగం కోసం తిరిగి తిరిగి జుట్టు నెరిసింది. మనిషికి ఎకరం అన్న మాట విని గయ్‌మన్నడు, దేశం కాని దేశపోళ్ళకు భూములిచ్చిన్రు, కరెంటు కోసం ఊర్లిచ్చిన మాకేమిచ్చిన్రు అని. అది పట్టా భూమి కాదు అన్నా, లీజు, అమ్ముకోరాదు అని బిడ్డ హిందీల నిదానంగ చెప్పింది. అన్న కోపం కరెక్టే, గని ఆ బాకీ వీళ్ళ ఖాతాల రాసుడు కరెక్ట్ కాదు. తల్లి మాత్రం వేరే అడిగింది, ఎండకాలం నీళ్ళు తగ్గితే మీ ఊరు కనపడ్తదా అని. కనపడ్తది, పోయి గోడలు చూసొస్తం అన్నడు. నువ్వన్న పోయి చూసొస్తవు అని ఆమె మళ్ళ మడతలు పెట్టుకుంట కూసున్నది. అన్న ఒక మఫ్లర్ తీస్కొని పది రూపాయలు తగ్గియ్యమన్నడు. తగ్గియ్యలే.

పాపం శరణార్థులు అని జాలి పడి కొనేటోళ్ళను చూసిన, వాళ్ళకు ఆ జాలి అక్కర్లేదు, గుడ్డ చూసి కుట్టు చూసి కొంటే చాలు. చూసే పద్ధతి గూడ చెప్తున్న: మణికట్టు కాడి పట్టీని రెండు చేతుల గుంజి వదిలితే మళ్ళ దగ్గరికి రావాలె, చంక కాడ వెలుతురుకు పెట్టి చూస్తే కుట్టు మధ్యల సందు కనపడొద్దు. మెరూన్ రంగుది మొదటిసారి విడిగ ఉతకాలె, రంగు పోతది. నాది రెండు ఉతుకులకే చంకల కింద ఉండలు కట్టింది, 450కి అంతకంటే ఆశపడొద్దు. పిల్లది మాత్రం బాగున్నది, లోపల ఎక్స్‌ట్రా గుండీ గూడ కుట్టి ఉన్నది. మార్చుకోవాలంటే వాళ్ళు ఉన్నన్ని రోజులే, ఫిబ్రవరి దాంక. లోసర్ అని వాళ్ళ కొత్త సంవత్సరం ఫిబ్రవరి మార్చిల వస్తది, దానికి ఇంటికి చేరాలె గద, ఆ తర్వాత పోతే ఖాళీ జాగ తప్ప ఏముండదు.

జాగ్రత్త ఇంకోటి. టిబెటన్ సేల్ అని బ్యానర్ కట్టి వేరేటోళ్ళు గూడ అమ్ముతున్నరు, అక్కడ రేటు 900 చెప్పి 500కి ఇస్తరు, గుడ్డ ఇంకింత పల్చగ ఉంటది. అసలు టెంట్లల్ల వెనక గుంజకు దలైలామా ఫొటో ఉంటది, బేరం ఉండదు, అది గుర్తు.

సంక్రాంతి దాటితే పెద్ద సైజులు దొరకవు, డిసెంబర్ల పోవుడు మంచిది, ఆదివారం రష్షు. సాక్సులు, షాల్‌లు కండ్లు మూసుకొని తీస్కోవచ్చు. మంకీ క్యాపులు మాత్రం వద్దు, మా మామది అప్పుడే సాగిపోయి కండ్ల మీదికి జారుతున్నది, రోజు పొద్దుగాల నన్ను తిడ్తున్నడు.