వంతెన దగ్గర పండుగప్ప: పడవ ఎదురున నిలపాలా, వాలున నిలపాలా?

యానాం–ఎదుర్లంక బాలయోగి వారధి లాంటి చోట గౌతమి ఒకే దిక్కుకు పారదు. పోటెక్కేటప్పుడు నీరు పైకి నడుస్తుంది, తీసేటప్పుడు కిందికి. రోజుకు రెండేసి సార్లు ఇదే వరస. అందుకని ఇక్కడ ఎగువ, దిగువ అంటే తికమకే. నీరు వచ్చి స్తంభానికి తగిలే వైపు ఎదురు, దాటిపోయే వైపు వాలు అనుకుందాం. గాలం వేసినప్పుడు పండుగప్ప చేప ఎర ఎక్కడ అందుకుంటుందన్నది ఒక ప్రశ్న, తగిలిన చేప పడవలోకి వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. తంటా ఏమిటంటే, మొదటిదానికి ఎదురు మంచిది, రెండోదానికి వాలు మంచిది.

స్తంభానికి తగిలిన నీరు కొంత కిందికి దిగి, అడుగు మట్టిని తవ్వుకుంటూ రెండు పక్కలా చీలిపోతుంది. అందుకే ఎదురు ముఖం మొదలు దగ్గర గుంట పడుతుంది, వెనక సుడులు తిరిగే మందనీరు మిగులుతుంది. ఈ రెండు చోట్లా చేపకు ఈదే శ్రమ తక్కువ, పక్కనే పరుగెత్తే నీరు మేతను మోసుకొస్తుంది. రాత్రి దీపాలు వెలిగే వంతెనకు ఇంకో చోటు కూడా ఉంది: నీటి మీద వెలుగూ నీడా కలిసే గీత. రొయ్యలూ చిన్న పరిగెలూ వెలుగులో తిరుగుతాయి, పండుగప్ప చీకటి అంచున కాచుకుంటుంది.

ఎదురున నిలిపితే ఎర పంపడం తేలిక. 40 నుంచి 60 గ్రాముల సీసం కట్టి లైను (గాలం దారం) కొద్దికొద్దిగా వదులుతుంటే ఎర నేలను తడుముకుంటూ గుంటలోకే దిగుతుంది. బతికున్న రొయ్యను తల దగ్గర, కొమ్ము కింద గుచ్చాలి. లోపల కనిపించే నల్లమచ్చకు గాలం తగిలితే రొయ్య వెంటనే చస్తుంది, మచ్చకు ముందు గుచ్చాలి. అలా గుచ్చిన రొయ్య నీటికి ఎదురుగా తల పెట్టి నిలుస్తుంది. తోకకు గుచ్చితే గిరగిరా తిరిగి లైను మెలిపడుతుంది.

కానీ చేప తగిలిన క్షణం నుంచీ అంతా అడ్డమే. చేప వాలుకు, ఖానాలోకి, అంటే రెండు స్తంభాల మధ్య సందులోకి దూకుతుంది. నీటి బలమూ దానికే తోడు. స్తంభాలకు ఆల్చిప్పలు పట్టి ఉంటాయి, బిగిసిన బ్రెయిడ్ (అల్లిక) లైను వాటి అంచున ఒక్కసారి రాసుకుంటే చాలు, పుటుక్కుమంటుంది. లైనుకూ గాలానికీ మధ్య 60 పౌండ్ల నైలాన్ లీడరు (మందపాటి దారం) మీటరున్నర తప్పనిసరి. దీనికంటే పెద్ద ముప్పు లంగరు జారడం. జారితే పడవ అడ్డం తిరిగి స్తంభానికి అతుక్కుంటుంది, నీరు ఎదురు అంచు మీదుగా లోపలికి ఎక్కి బోల్తా కొడుతుంది. అందుకని పడవ వెనక కొసకూ స్తంభానికీ మధ్య 20 మీటర్లకు తగ్గకూడదు, ఇంజను వెంటనే అందుకునేలా ఉండాలి.

వాలున నిలిపితే లంగరు జారినా పడవ వంతెనకు దూరంగానే పోతుంది. నాలుగు మీటర్ల లోతుకు 20 మీటర్ల తాడు, చివర రెండు మూడు మీటర్ల గొలుసు. వంతెన దాటాక ఐదారు మీటర్ల దూరంలో, ఖానా మధ్య వరసలో లంగరు వదలండి. తాడు సాగి పడవ వంతెనకు దాదాపు 25 మీటర్ల దూరంలో నిలుస్తుంది. అక్కడినుంచి స్తంభం వెనక మందనీటి అంచుకు విసరాలి. ఎర మీ వైపే కొట్టుకొస్తుంది కాబట్టి సీసం 10, 15 గ్రాములు చాలు, వదులైన లైనును ఎప్పటికప్పుడు రీలుకు చుట్టేయాలి. చుట్టకపోతే కొరికినట్టే తెలియదు. ఇక్కడ రొయ్యను తోక దగ్గర గుచ్చినా పర్వాలేదు, స్వేచ్ఛగా ఎగురుతుంది. తగిలిన చేపను నీరే మీ దగ్గరికి తోస్తుంది.

వాలుకున్న చిక్కు ఒక్కటే, చాలామంది మరిచేది అదే. నీరు తిరిగినప్పుడు పడవ లంగరు చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోతుంది. అవతల ఉన్నది వంతెన. తిరుగు వేళకు అరగంట ముందే లంగరు ఎత్తేయాలి. ఆ వేళ ఏ రోజూ ఒకటే కాదు, రోజుకు ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంది.

ఎదురున ఉన్న పడవకు ఇదే తిరుగు మేలు చేస్తుంది, వంతెనకు దూరంగా తిప్పుతుంది. కాబట్టి నీరు బలంగా నడిచినంతసేపూ వాలున, నడక సన్నగిల్లిన చివరి గంటలో ఎదురున నిలపడం నయం. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి నడక జాస్తి, ఆ రోజుల్లో ఎదురు మాట తలపెట్టొద్దు. అష్టమి పక్కన నీరు మందం, కాస్త ఎక్కువసేపు నిలపొచ్చు. వరద ఎర్రనీరు దిగే రోజుల్లో రెండూ వద్దు.

లంగరును వెనక కొసకు ఎప్పుడూ కట్టొద్దు, ముందు కొసకే. వంతెనల అడుగున కట్టినప్పటి రాళ్లూ ఊచలూ ఉంటాయి. తాడును లంగరు అడుగున కొక్కేలు కలిసే చోటికి గట్టిగా ముడేసి, పై రింగుకు సన్నని పురికొసతో మాత్రమే బిగిస్తే, ఇరుక్కున్నప్పుడు గట్టిగా లాగగానే పురికొస తెగి లంగరు తిరగబడి వస్తుంది. తాడు పడవ కొసకు తెల్ల డబ్బా ఒకటి కట్టి ఉంచుకోండి. పెద్ద చేప తగిలితే తాడును డబ్బాతో సహా వదిలేసి వెంటపడొచ్చు.

స్తంభానికే తాడు కట్టేద్దామనే ఆలోచన మానుకోండి. నీరు పెరిగితే ముందు కొస కిందికి గుంజుకుపోతుంది, ఆల్చిప్పలు తాడునూ కోస్తాయి. ఇంజనుతో నిలబెట్టుకుంటూ స్తంభం స్తంభానికీ తిరగడం ఇద్దరుంటే కుదురుతుంది, ఒకరు పూర్తిగా చుక్కాని దగ్గరే ఉండాలి. ఖానాకు వల కట్టి ఉందేమో ముందు చూసుకోండి. అది ఒకరి కూడు, మీ ఇంజను పంఖాకూ చేటు.

పడవ దాకా వచ్చిన పండుగప్పను మొప్పల్లో వేలు పెట్టి ఎత్తొద్దు, ఆ రేకు అంచు కత్తిలా కోస్తుంది. చేతివల తలవైపునుంచి పెట్టండి. మీటరు దాటినవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడవే, పండుగప్ప మగగా పెరిగి తర్వాత ఆడగా మారే చేప. అంత పెద్దది పడితే గాలం నీటిలోనే తీసి వదిలేయండి.