గోడో 4 గేమ్ ఇంజిన్: పులిజూదం తయారుచేసిన విద్యార్థి సమీక్ష

డిగ్రీ రెండో సంవత్సరంలో, అంటే 2023లో, గేమ్ డిజైన్ నేర్చుకోవాలని నిర్ణయించుకున్నప్పుడు నా దగ్గర ఉన్నది మా అన్నయ్య వాడి పక్కన పడేసిన ల్యాప్‌టాప్ ఒక్కటే. అందులో 4 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, బ్యాటరీ గంటకు మించి నిలవదు. అప్పట్లో నేను చేరిన శిక్షణ సంస్థ వాళ్లు ఆటల తయారీకి వాడమన్న సాఫ్ట్‌వేర్‌ను, అంటే గేమ్ ఇంజిన్‌ను అందులో తెరిస్తే ఫ్యాను హోరెత్తిపోయేది. అది తెరుచుకునేలోగా నేను టీ తాగి వచ్చేవాణ్ణి. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఆరు నెలల ఫీజు మొదటి రోజే కట్టించుకుని, ఏ మెనూలో ఏ బటన్ ఉందో వరుసగా చూపిస్తూ పోయారు తప్ప, మనిషి ఒక ఆటను ఎందుకు ఆడతాడో, ఎక్కడ విసిగి మానేస్తాడో ఒక్క తరగతిలోనైనా చర్చించలేదు. నాలుగో నెలలో మానేశాను, మిగిలిన డబ్బు తిరిగి రాలేదు. ఆ తరువాత ఇంట్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్న గోడో ఇంజిన్ గురించి, రెండేళ్లు వాడిన మీదట, ఈ సమీక్ష రాస్తున్నాను. నా పనంతా 2డీ ఆటల్లోనే సాగింది; ఈ సమీక్షకు కూడా అదే హద్దు.

గోడోను మొదలుపెట్టినవారు అర్జెంటీనాకు చెందిన హువాన్ లినియెట్‌స్కీ, ఏరియెల్ మన్సూర్. 2014లో దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఎంఐటీ లైసెన్సు కింద అందరికీ ఇచ్చేశారు; నేను వాడుతున్న 4వ తరం 2023 మార్చిలో వచ్చింది. శామ్యూల్ బెకెట్ రాసిన వెయిటింగ్ ఫర్ గోడో నాటకంలో ఎంతసేపు ఎదురుచూసినా రాని మనిషి పేరే దీనికి పెట్టారు. ఫ్రెంచి ఉచ్చారణ ప్రకారం గోడో అనాలి గాని మా తరగతిలో అందరూ గోడాట్ అనేవారు, ఇప్పటికీ అంటున్నారు, దానివల్ల ఎవరి ఆటా ఆగలేదు. జిప్ ఫైలు 100 ఎంబీ కూడా ఉండదు. విప్పి డబుల్ క్లిక్ చేస్తే ఎడిటర్ తెరుచుకుంటుంది. ఇన్‌స్టాల్ చేయడం, ఖాతా తెరవడం వంటి తతంగం లేదు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు తెర మీద బొమ్మలు గీసే కంపాటిబిలిటీ అనే రెండరర్‌ను ఎంచుకుంటే నా పాత ల్యాప్‌టాప్ కూడా నోరెత్తకుండా పని చేసింది.

ఇంజిన్ ఉచితం, ఆట అమ్ముకున్నా దాని తయారీదారులకు రూపాయి కట్టనక్కరలేదు. ఈ మాటకున్న విలువ నాకు 2023 సెప్టెంబరు 12న అర్థమైంది. ఒక హద్దు దాటిన ఆటల నుంచి ఇన్‌స్టాళ్ల లెక్కన రుసుము తీసుకుంటామని యూనిటీ అనే మరో గేమ్ ఇంజిన్ సంస్థ ప్రకటించిన రోజది. పది రోజుల్లోనే ఆ సంస్థ షరతులను సడలించింది, అక్టోబరులో దాని అధిపతి జాన్ రిచిటెల్లో పదవి నుంచి తప్పుకున్నారు, 2024 సెప్టెంబరులో ఆ రుసుమునే రద్దు చేశారు. ఈలోగా టెరారియా ఆటను తయారుచేసిన రీ-లాజిక్ వారు గోడోకు లక్ష డాలర్ల విరాళం ఇచ్చారు. అప్పటికి ఒక్క ఆట కూడా అమ్మని నాకు ఆ రుసుము ఎలాగూ తగిలేది కాదు. అయినా గోలీలాట సగంలో నియమం మార్చేవాణ్ణి మేము తొండి చేశాడనేవాళ్లం. ఆ వారం డెవలపర్లు రాసుకున్న పేజీల కొద్దీ కోపమంతా ఆ ఒక్క మాటలో ఇమిడిపోతుందని నాకు అనిపించింది.

ఇక పని విషయానికి వస్తే, గోడోలో ప్రతిదీ నోడ్ అనే చిన్న ముక్క, కొన్ని నోడ్లు కలిస్తే సీన్, ఒక సీన్‌ను మరో సీన్‌లో ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు. అధికారిక పాఠంలో ఉన్న చిన్న ఆటను పూర్తిచేశాక నేను సొంతంగా ఎంచుకున్నది పులిజూదం. మా ఊరి గుడి మండపంలో బండ మీద చెక్కిన ఆ గీతల దగ్గర కూర్చునే మా తాతయ్య నాకు ఆ ఆట నేర్పారు. 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు; పులి మేకను దూకి చంపుతుంది, మేకలు పులిని కట్టడి చేస్తాయి. మేక కోసం ఒక సీన్ తయారుచేశాను: ఒక బొమ్మ, వేలు తగిలిందని పసిగట్టే ఒక ప్రాంతం, ఒక చిన్న స్క్రిప్టు. దానినే పదిహేను సార్లు పలక మీద పెట్టాను. తరువాత ఒకరోజు మేక బొమ్మకు కొమ్ములు గీస్తే పదిహేను మేకలకూ ఒకేసారి కొమ్ములు మొలిచాయి. చిన్న విషయమే గాని, సీన్ అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తలకెక్కింది. పులి ఒక మేకను దూకి చంపినప్పుడు ఆ మేక ఒక సిగ్నల్ పంపుతుంది; స్కోరు పలక, శబ్దం, ఆట ముగిసిందో లేదో చూసే కోడు, ఈ మూడూ ఆ సిగ్నల్ విని ఎవరి పని వారు చేసుకుంటాయి. మేకకు స్కోరు గురించి ఏమీ తెలియనక్కరలేదు. గోడోలో కోడు రాసే జీడీస్క్రిప్ట్ భాష పైథాన్‌లాగే ఖాళీల అమరికతో నడుస్తుంది కాబట్టి కాలేజీలో పైథాన్ చదివిన వారికి వారంలో చేతికి వస్తుంది.

అయితే ఇంజిన్ చేతికి రావడం వేరు, ఆటను డిజైన్ చేయడం వేరు. ఈ రెండోదానిలో గోడో మీకు ఏ సాయమూ చేయదు. నా పులిజూదం మొదటి రూపంలో కంప్యూటరు పులి వైపు ఆడేది, దొరికిన మేకనల్లా వెంటనే చంపేది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతయ్య రెండు ఆటలు ఆడి, రెండూ గెలిచి, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "పులికి ఇంత ఆకలైతే ఎట్లారా? ఒక్క మేకను ఎర వేస్తే మూడు పులులూ ఒకే మూలకు వస్తున్నాయి, ఇంక మేకలవానికి ఆలోచించే పనేముంది?" అన్నారు. నేను ఆరు నెలల ఫీజు కట్టిన చోట ఎవరూ చెప్పని పాఠం అది. ఆ రోజు నుంచి అంకెలు మార్చి చూడటం మొదలుపెట్టాను. మేకలను 12కు తగ్గిస్తే పులిని కట్టడి చేయడం గగనమైంది. 18 చేస్తే అన్నీ దిగాక పలక మీద మిగిలేవి 2 ఖాళీలే, పులి కదలనే లేకపోయింది. 15 ఉన్నప్పుడు 5 ఖాళీలు ఉంటాయి. బిగింపు, ఊపిరి రెండూ అక్కడే ఉన్నాయి. పేరు తెలియని ఏ డిజైనర్లు ఎన్ని తరాలు ఆడి ఆ అంకె దగ్గర ఆగారో గాని, దాన్ని మార్చడానికి నాకు కారణం దొరకలేదు. గోడోలో ఇటువంటి అంకెను ఎక్స్‌పోర్ట్ చరరాశిగా పెట్టుకుంటే కోడు తెరవకుండా ఎడిటర్ పక్క పలకలోనే మార్చి, వెంటనే ఆడి చూడవచ్చు. డిజైన్‌ను ఇంజిన్ నేర్పదు గాని, ప్రయోగానికి పట్టే సమయాన్ని సెకన్లకు తెస్తుంది. ఈ సమీక్షలో దీనికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

తెలుగువారు ఈ ఇంజిన్‌ను ప్రత్యేకంగా పరిశీలించడానికి మరో కారణం మన లిపి. గోడో 3వ తరంలో తెలుగు రాస్తే ఒత్తులు అక్షరం కిందికి చేరేవి కావు, అక్షరాలు విడివిడిగా పడేవి. ఆ తరంలో సంక్లిష్ట లిపులను కూర్చే వ్యవస్థే లేదు. 4వ తరంలో హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు సాఫ్ట్‌వేర్ ఆధారంగా కొత్త వ్యవస్థను చేర్చడంతో క్ష, స్త్రీ, రాష్ట్రం వంటివన్నీ పుస్తకంలో అచ్చయినట్టే కనిపిస్తున్నాయి. ఆ సంతోషంలో నేను ఒక పొరపాటు చేశాను. ల్యాప్‌టాప్‌లో తెలుగు చక్కగా కనిపిస్తోంది కదా అని ప్రాజెక్టులో ఫాంటు చేర్చకుండానే ఆటను వెబ్‌కు ఎక్కించి మిత్రుడికి పంపితే, అతని ఫోనులో వాక్యాలన్నీ ఖాళీ డబ్బాలుగా దర్శనమిచ్చాయి. ఇంజిన్‌తో వచ్చే ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు. కంప్యూటరులో అయితే అది సిస్టమ్ ఫాంటును అరువు తెచ్చుకుంటుంది, బ్రౌజరులో ఆ వీలు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్రను శీర్షికలకు, మండలిని వాక్యాలకు చేర్చాక ఆ బెడద తీరింది. మన ఫాంట్లకు పైనా కిందా ఎక్కువ చోటు కావాలి కాబట్టి ఇంగ్లీషు కొలతలతో గీసుకున్న బటన్లను మళ్లీ గీయవలసి వచ్చింది.

మరొక చిక్కు నాకు చాలా రోజులు అంతుపట్టలేదు. సంభాషణలను టైపు కొడుతున్నట్టు ఒక్కొక్క అక్షరంగా చూపించడం ఆటల్లో పాత అలవాటు. నా ఆట పరిచయ వాక్యంలో వ్యూహం అనే మాట ఉంది. తెర మీద మొదట వ కనిపించింది, తరువాత వ్ అయింది, వ్య అయింది, వ్యూ అయింది, ఆ తరువాత హ, చివరికి హం. రెండు అక్షరాల మాట ఆరు వేషాలు మార్చింది. ఇంగ్లీషులో ఎన్నడూ ఎదురుకాని ఈ సమస్యకు గోడోలో సమాధానం ఉంది: వాక్యాలను చూపించే లేబుల్ నోడ్‌లో అక్షరాలను కూర్పుకు ముందు లెక్కించాలా, కూర్చిన తరువాత లెక్కించాలా అని ఎంచుకునే అమరిక ఒకటుంది. మామూలుగా అది ముందు అని ఉంటుంది. తరువాత అని మారిస్తే వ్యూ ఒక్కసారిగా వస్తుంది. ఇంత చిన్న అమరికను ఎవరో ఆలోచించి పెట్టారంటే ఇంగ్లీషేతర లిపుల వారు ఈ ప్రాజెక్టులో పనిచేశారనో, కనీసం వారి మాట విన్నారనో నాకు నమ్మకం కుదిరింది.

లోపాలు లేకపోలేదు. 3 నుంచి 4కు వచ్చేటప్పుడు చాలా పేర్లు మారాయి. కైనమాటిక్ బాడీ కాస్తా క్యారెక్టర్ బాడీ అయింది, ఈల్డ్ బదులు అవెయిట్ వచ్చింది. దొరికే పాఠాల్లో మాత్రం పాతవే చాలా ఉన్నాయి కాబట్టి, వీడియో చూసి మక్కికి మక్కి కోడు కొట్టిన కొత్తవారు ఎర్ర గీతలు చూసి తప్పు తమదే అనుకుంటారు. పాఠం ఏ తరానికి రాసిందో ముందు చూసుకోవాలి. జీడీస్క్రిప్ట్ బదులు సీ షార్ప్‌లో రాస్తే 4వ తరంలో వెబ్‌కు ఎగుమతి చేయడం కుదరదు. ఆండ్రాయిడ్ ఆటగా మార్చాలంటే తయారీ సాధనాలైన జావా కిట్టు, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే విడిగా దించుకోవాలి, అవి ఇంజిన్ కన్నా ఎన్నో రెట్లు చోటు తింటాయి. ప్లేస్టేషన్ వంటి కన్సోళ్లకు నేరుగా దారి లేదు, మధ్యవర్తి సంస్థలను ఆశ్రయించాలి. విద్యార్థికి ఇది అంతగా అవసరపడే సంగతి కాదు. తెలుగులో క్రమంగా సాగే పాఠాలు అరుదన్నది మాత్రం అవసరపడే సంగతే.

మా ఊళ్లో వీడియో గేమ్ సంస్కృతి అంటే ఒకప్పుడు గంటకు ఇరవై రూపాయల నెట్ సెంటరు, 2021 తరువాత అరుగు మీద నలుగురూ తలలు వంచుకుని ఆడే ఫోను షూటింగ్ ఆట బీజీఎంఐ. ఆట అనేది ఎక్కడో ఎవరో తయారుచేస్తే మనం ఆడేది. గోడో వల్ల నాకు ఆ ప్రపంచంలో అవతలి వాకిలి కనిపించింది. బ్రోటాటో, డోమ్ కీపర్, బక్‌షాట్ రూలెట్ వంటి పేరున్న ఆటలు ఈ ఇంజిన్‌తోనే తయారయ్యాయని, వాటిలో కొన్నిటి వెనుక ఒకరిద్దరే ఉన్నారని తెలిసి వాటిని ఆటగాడిగా కాక పనివాడిగా చూడటం అలవాటైంది. బ్రోటాటోలో ఒక దెబ్బ తగిలినప్పుడు ఎన్ని చిన్న కదలికలు ఒకేసారి జరుగుతున్నాయో లెక్కపెడుతూ ఒక సాయంత్రమంతా గడిపాను. (ఇంజిన్ ఏదైనా మన దగ్గరా ఇటువంటి పని జరిగింది, హైదరాబాదుకు చెందిన ఓగర్ హెడ్ స్టూడియో 2017లోనే అసుర అనే ఆటను ఆన్‌లైన్ ఆటల దుకాణమైన స్టీమ్‌లో విడుదల చేసింది.) ప్రతి నెలా తొమ్మిది రోజులపాటు సాగే ఆటల తయారీ పోటీ గోడో వైల్డ్ జామ్‌లో పాల్గొన్నాక అపరిచితుల విమర్శ ఎలా ఉంటుందో కూడా తెలిసింది. అక్కడ పరిచయమైన ఒక విదేశీ ఆటగాడికి నా పులిజూదం పంపితే, మేకలన్నీ దిగేదాకా ఏ మేకా కదలడం లేదని, అది బగ్ అయి ఉంటుందని మర్యాదగా రాశాడు. మనకు అది పుట్టుకతో తెలిసిన నియమం. అతనికి తెలియకపోవడం అతని తప్పు కాదు, నా ఆట చెప్పకపోవడం నా తప్పు. ఇప్పుడు కదలని మేకల కాళ్లకు చిన్న తాడు గీశాను. ఆఖరి మేక దిగగానే పదిహేను తాళ్లూ తెగిపోతాయి. ఆ మార్పు తరువాత ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు.

4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, ఇంగ్లీషు పాఠాలను ఓపికగా చదివే అలవాటు, కొంచెం పైథాన్ ఉన్నవారికి నేను గోడో 4ను సంకోచం లేకుండా సూచిస్తాను. తెలుగులో సంభాషణలు ఉన్న ఆట తయారుచేయాలనుకునేవారికి ఇంకా గట్టిగా సూచిస్తాను. కంప్యూటరు లేనివారికి ఆండ్రాయిడ్‌లో పనిచేసే ఎడిటర్ కూడా ఉంది గాని, ఫోను తెర దానికి ఇరుకు, ట్యాబ్ ఉంటేనే మొదలుపెట్టండి. పెద్ద స్టూడియోలో ఉద్యోగమే లక్ష్యమైతే ఆ స్టూడియో ప్రకటనలో ఏ ఇంజిన్ అడిగారో చూసుకుని నిర్ణయించుకోవాలి. పూర్తయిన ఆటను ఇచ్.ఐఓ వెబ్‌సైటులో ఉచితంగా పెట్టుకోవచ్చు, ప్లే స్టోరుకు ఒకసారి 25 డాలర్లు, స్టీమ్‌కు ఒక్కో ఆటకు 100 డాలర్లు అవుతాయి. నేను ప్రస్తుతం మొదటిదాని దగ్గరే ఉన్నాను. పులి ఆకలిని కాస్త తగ్గించిన తాజా రూపం మీద తాతయ్య పోయిన పండుగకు మూడు ఆటలాడి ఒకటి ఓడిపోయారు.