లండన్ మాన్యుమెంట్: మెట్లెక్కే ఓపికుంటే మిస్సవ్వొద్దు

లండన్ వెళ్ళినోళ్ళంతా సెయింట్ పాల్స్ చర్చి చూసి వచ్చేస్తారు గానీ దాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్ట్ క్రిస్టఫర్ రెన్‌లోని సైంటిస్టు కనపడాలంటే మాత్రం మాన్యుమెంట్ ఎక్కాల్సిందే అంటాన్నేను. లండన్‌ని తగలబెట్టిన 1666 అగ్నిప్రమాదానికి గుర్తుగా రెన్, ఆయన సైంటిస్టు ఫ్రెండ్ రాబర్ట్ హుక్ కలిసి డిజైన్ చేసిన రాతి స్తంభం, 1671లో మొదలెట్టి 1677లో పూర్తిచేశారు, ఎత్తు 202 అడుగులు, మొదట మంట అంటుకున్న పుడ్డింగ్ లేన్ వీధి బేకరీ ఉన్న చోటు కూడా ఇక్కణ్ణించి అంతే దూరం.

లోపలికెళ్ళగానే ఎక్కెయ్యకుండా ఒక్కసారి తలెత్తి చూడండి. మెలికలు తిరిగే మెట్ల మధ్యలో బావిలాగా ఖాళీ ఉంటుంది, అది అందానికి వదిలింది కాదండీ, మొత్తం స్తంభాన్నే నిలువు టెలిస్కోపుగా వాడి నెత్తిమీదకొచ్చే నక్షత్రాల్ని కొలుద్దామని వేసిన ప్లాను, అందుకే కింద నేలమాళిగలో ల్యాబు, పైన పూతపూసిన జ్వాలల కలశంలో తెరుచుకునే తలుపు కూడా పెట్టారు. రోడ్డుమీద బండ్ల అదురుకి ఆ పని కుదర్లేదు పాపం. మెట్టు ఎత్తు కూడా కచ్చితంగా ఆరంగుళాలే, ప్రయోగాల్లో కొలతలకి పనికొస్తుందని.

311 మెట్లు, లిఫ్ట్ లేదు, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ అదే ఇరుకు దారి, మోకాళ్ళ నొప్పులుంటే వద్దు. పైన చుట్టూ జాలీ ఉంది కాబట్టి ఫొటోలు కాస్త కష్టమే. ఎక్కినందుకు సర్టిఫికెట్ ఇస్తారు, పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్ళండి.