దోమతెర: అమ్మడం మేలా, ఊరికే ఇవ్వడం మేలా?

ఊరికే ఇస్తే విలువ తెలియదని మన దగ్గర ఎవరినడిగినా చెబుతారు. 2000ల మొదట్లో ఆఫ్రికాలో మలేరియా మీద పనిచేసేవాళ్లలోనూ చాలామంది ఇదే అనేవారు. మందు పట్టించిన దోమతెరను కొద్ది ధరకైనా అమ్మితేనే జనం వాడతారని, అవసరమున్నవాళ్లకే చేరుతుందని వాళ్ల నమ్మకం. కెన్యాలో గర్భిణులకు 50 షిల్లింగులకు అమ్మేవారు, అదీ సబ్సిడీ ధరే.

జెస్సికా కోహెన్, పాస్కలిన్ డ్యుపా అనే ఆర్థికవేత్తలు పశ్చిమ కెన్యాలో దీన్ని పరీక్షించి చూశారు. గర్భిణులు చెకప్‌కి వచ్చే క్లినిక్‌లను లాటరీ తీసినట్టు విడదీసి, కొన్నిచోట్ల తెర ఉచితంగా ఇచ్చారు. మిగతాచోట్ల 10 నుంచి 40 షిల్లింగుల దాకా ధర పెట్టారు. ఉచితమైన చోట దాదాపు అందరూ తీసుకున్నారు. 40 అనేసరికి తీసుకునేవారి శాతం 60 పాయింట్లు పడిపోయింది! అర డాలరు కంటే కాస్త ఎక్కువ, అంతే. మలేరియా వల్ల రక్తహీనత వస్తుంది కాబట్టి, అవసరమున్నవాళ్లే కొంటే వాళ్లలో అది ఎక్కువగా కనిపించాలి. కానీ అదీ లేదు. తర్వాత ఇళ్లకు వెళ్లి తెర మంచం మీద కట్టి ఉందా, ప్యాకెట్‌లోనే పడి ఉందా అని చూస్తే, డబ్బిచ్చినవాళ్లకీ ఊరికే తెచ్చుకున్నవాళ్లకీ తేడా కనిపించలేదు.

నా ఓటు ఉచితానికే. ఇంకో కారణం కూడా ఉంది. మందున్న తెర దోమను చంపుతుంది కాబట్టి, తెర లేని పొరుగింటికీ మేలే. ఆ పక్కనే జరిగిన మరో అధ్యయనంలో 300 మీటర్ల దాకా ఆ ఫలితం కనిపించింది. కెన్యా ప్రభుత్వం 2006లో 34 లక్షల తెరలు ఉచితంగా పంచింది. మరుసటి ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ కూడా ఉచితంగా గానీ, భారీ సబ్సిడీతో గానీ అందరికీ ఇవ్వాలంది.

అమ్మకానికి ఉన్న అసలు బలం వేరు. పంపిణీ కొన్నేళ్లకోసారి వస్తుంది. ఈలోగా తెరలు చిరుగుతాయి, పిల్లలు పుడతారు. దుకాణం మాత్రం రోజూ తెరిచే ఉంటుంది. టాంజానియా 2004 నుంచి గర్భిణులకు కూపన్ ఇచ్చి, మిగతా డబ్బు కట్టి దుకాణంలో కొనుక్కోమంది. ఆ మిగతా డబ్బే నిరుపేదలకు అడ్డమైంది. క్లినిక్‌లో ఏడాది పొడవునా ఉచితంగా ఇవ్వగలిగితే ఆ చిక్కూ ఉండదు.

అయితే తెర విషయంలో తేలింది మందు బిళ్లకు వర్తించదు. అదే పశ్చిమ కెన్యాలో మలేరియా మందుకు 92 శాతం సబ్సిడీ ఇస్తే, మలేరియా కాని జ్వరాలకూ మింగేశారు. సబ్సిడీని 80 శాతానికి తగ్గించినప్పుడు పిల్లలకు అందడం తగ్గలేదు, నిజంగా మలేరియా ఉన్నవాళ్లకు చేరే వాటా పెరిగింది.