క్లాసుకు 550 దిర్హమ్‌లు, బయటికి లాగితే ఇంకో 1,500: బదాయర్ నుంచి లివా దాకా ఇసుక డ్రైవింగ్

దుబాయ్ దగ్గరి బదాయర్‌లో ఎడారి డ్రైవింగ్ నేర్పిస్తామని బండికి 550 దిర్హమ్‌లు తీసుకున్న ఒక సంస్థ, టైర్లలో 22 పీఎస్ఐ గాలి ఉంచి మా మూడు బండ్లనీ ఇసుకలోకి తోలించింది. గంట తిరక్కుండానే మా బావమరిది పజేరో పొట్ట ఆనేదాకా దిగబడింది. బయటికి లాగడం ప్యాకేజీలో లేదట, ఇంకో 1,500 ఇవ్వాలట. గాలి 12కి దించి, చక్రాల వెనకా పొట్ట కిందా ఇసుక తోడేస్తే అరగంటలో వచ్చేసే బండి అది. చివరికి అలాగే, వాళ్లకి పైసా ఇవ్వకుండానే వచ్చింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ల చేత దిగబడేలా తోలించి, ఆ దిగబడటాన్నే బేరం పెట్టడం అన్యాయం.

చలికాలం రాగానే యూఏఈలో మనవాళ్లు చాలామంది పాత పజేరోనో ఎఫ్‌జే క్రూయిజరో కొనుక్కుని ఇలాంటి క్లాసుల కోసం వెతుకుతుంటారు. డబ్బు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఏ బండికి ఎంత గాలి పెట్టిస్తారు? దిగబడితే లాగడానికి వేరే డబ్బులా? తాడు బండికి ఎక్కడ తగిలిస్తారు? మొదటిదానికి తడుముకోకుండా 15 అనో, మీ బండి బరువు అడిగి ఓ అంకెనో చెప్పకపోతే అక్కడితో వదిలేయండి.

ఇసుకలో పని చేసేది ఇంజన్ కన్నా ముందు గాలి. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరుని 15కి దించితే నేలకి ఆనే భాగం బాగా పొడవవుతుంది. వెడల్పు పెరిగేది కొంచెమే, లాభమంతా ఆ పొడవులోనే. బరువు పరుచుకుని బండి ఇసుక మీద తేలుతుంది. నిస్సాన్ పట్రోల్ లాంటి బరువైన బండికైనా 15 మంచి మొదలు. జిమ్నీలాంటి తేలికబండి 12, 13తో ఇంకా హాయిగా పోతుంది. 10 అనేది దిగబడినప్పుడు బయటపడటానికే. బయటికి రాగానే మళ్లీ 14, 15కి ఎక్కించాలి. 10తో స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు అంచు రిమ్ము నుంచి ఊడుతుంది.

ఇంకో లెక్క చాలామంది మర్చిపోతారు. వంద కిలోమీటర్లు హైవే మీద వచ్చిన టైరు వేడెక్కి ఉంటుంది, గేజ్ మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. వేడి మీద 15కి దించిన టైరు చల్లారాక 12, 13కి వస్తుంది. అందుకే దిగిన వెంటనే ఒకసారి, కాసేపు ఆగాక ఇంకోసారి చూడాలి. తాళంచెవితో వాల్వు నొక్కుతూ కూర్చుంటే టైరుకి ఐదు నిమిషాలకు పైనే పడుతుంది. వాల్వు పిన్ను బయటికి లాగే రకం డిఫ్లేటర్ (గాలి దించే పనిముట్టు) గేజ్‌తో కలిపి 160 దిర్హమ్‌లకి దొరికింది, టైరుకి నిమిషం చాలు. ఈ సరంజామాలో ఇంత విలువైన కొనుగోలు ఇంకోటి లేదు.

ఇక చోట్ల సంగతి. హత్తా రోడ్డు మీది బదాయర్ దుబాయ్ నుంచి ముప్పావు గంట. బిగ్ రెడ్ అని పిలిచే ఎర్ర దిబ్బ దాదాపు 100 మీటర్ల ఎత్తు, ఫొటోలకి బాగుంటుంది. కొత్తవాళ్లకి మాత్రం వద్దంటాను. శుక్ర, శని సాయంత్రాలు క్వాడ్ బైకులు, బగ్గీలు దిబ్బకి రెండో వైపు నుంచి ఎగిరొస్తాయి. అంచు దాకా వెళ్లేవరకు అవతల ఎవరున్నారో కనపడదు. బండికి ఎత్తైన జెండా కట్టుకోకుండా అక్కడికి వెళ్లకూడదు. రోజంతా టైర్లు తొక్కిన ఇసుక కాబట్టి మధ్యాహ్నానికి పిండి పిండిగా అయిపోతుంది.

నేర్చుకోవడానికి షార్జాలోని మ్లేహా దగ్గరి ఫాసిల్ రాక్ చుట్టుపక్కల ఇసుక మేలు. దిబ్బలు చిన్నవి, మధ్యలో ఆగి చూసుకోవడానికి చదునైన చోట్లు ఉన్నాయి. కొండ రాళ్లలో సముద్రపు గవ్వల శిలాజాలు కనిపిస్తాయి, పిల్లలకి అదో సంబరం. ఏరి తెచ్చుకోకూడదు. దగ్గర్లోని ఫాయా ప్రాంతం 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కంచె వేసిన భాగాల్లోకి బండి తోలకండి. బదాయర్‌లో 1,500 గొడవ తర్వాత మాట్లాడటం మానేసిన మా బావమరిది, ఇక్కడ నాలుగు దిబ్బలు ఎక్కి దిగాక మామూలు మనిషయ్యాడు.

పొద్దున ఏడుకల్లా ఇసుకలో ఉండాలి. రాత్రి చల్లదనానికి, మంచుకి ఇసుక గట్టిగా ఉంటుంది. గాలి వీచే వైపు వాలు నిదానంగా, గట్టిగా ఉంటుంది. అవతలి జారుడు వైపు 32, 33 డిగ్రీల దాకా నిటారు, అంతా వదులే. ఎక్కేటప్పుడు వేగం కింద నుంచే తెచ్చుకోవాలి, సగం ఎక్కాక యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు గొయ్యి తవ్వుతాయి. అంచుకి బండి పొడవంత దూరంలో కాలు తేలిక చేసి, ముందు చక్రాలు దాటగానే ఆగినంత పనిచేయాలి. దిగేటప్పుడు ముక్కు సూటిగా కిందికి, తక్కువ గేర్‌లో. వెనక భాగం పక్కకి జారుతోందనిపిస్తే స్టీరింగ్ కిందికే తిప్పి కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. భయంతో బ్రేకు తొక్కితే బండి అడ్డం తిరుగుతుంది, అడ్డం తిరిగిన బండి దొర్లుతుంది. ఎక్కలేక ఆగిపోతే పక్కకి తిప్పకుండా వచ్చిన గాడిలోనే రివర్స్‌లో దిగాలి. చదునులో ఆపేటప్పుడు కూడా బ్రేకు వద్దు, కాలు తీసేస్తే ఇసుకే ఆపుతుంది. బ్రేకు వేస్తే టైరు ముందు ఇసుక కుప్ప పడి మళ్లీ కదలనివ్వదు.

స్టెబిలిటీ కంట్రోల్ తీసేయాలి, చాలా బండ్లలో బటన్‌ని మూడు సెకన్లపైన నొక్కి పట్టుకుంటేనే పూర్తిగా పోతుంది. లేకపోతే దిబ్బ మధ్యలో చక్రం కాస్త జారగానే కంప్యూటర్ ఇంజన్ పవర్ కోసేస్తుంది. మామూలు తిరుగుడుకి ఫోర్ హై (నాలుగు చక్రాలూ లాగే మామూలు గేరు) చాలు. పజేరోలో అయితే సెంటర్ డిఫ్ లాక్ అయ్యే, అంటే ముందూ వెనకా ఇరుసులు కలిసి తిరిగే 4హెచ్‌ఎల్‌సీ. నిదానంగా, బలంగా లాగే ‘ఫోర్ లో’ గేరు వేయాలంటే బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి.

దిగబడ్డప్పుడు చేయాల్సిన మొదటి పని కాలు తీయడం. చక్రం తిరిగిన ప్రతి సెకనూ గొయ్యి లోతవుతుంది. దిగి చూడాలి. ఇరుసు, పొట్ట ఇసుకకి ఆనకపోతే స్టీరింగ్ సూటిగా పెట్టి రివర్స్ వేస్తే సాధారణంగా వచ్చేస్తుంది, వెనక మీరు తొక్కి గట్టిపడిన దారే ఉంటుంది కాబట్టి. పొట్ట ఆనితే పార తీయాల్సిందే. నాలుగు చక్రాల వెనకా ఏటవాలుగా తోడి, పొట్ట కింద ఇసుక లాగేసి, గాలి 10కి దించి, అప్పుడు ‘ఫోర్ లో’ గేర్‌లో రివర్స్. దానికీ రాకపోతే తాడు.

తాడు దగ్గరే ప్రాణాలు పోయేది. బదాయర్‌లో ఆ శిక్షకుడు తాడు తీసి పజేరో వెనక టోబాల్‌కి (ట్రైలర్ తగిలించే గుండుకి) తగిలించబోయాడు. టోబాల్ తెగితే కిలోల బరువున్న ఇనుప గుండు అద్దంలోంచి దూసుకొస్తుంది. ఓడలో బండిని కట్టడానికి ఇచ్చే సన్నటి కొక్కేలు కూడా లాగడానికి కావు. ఛాసిస్‌కి బిగించిన రికవరీ పాయింటు, 4.75 టన్నుల షాకిల్ (తాడు తగిలించే ఇనుప కడియం), సాగే కైనెటిక్ తాడు ఉండాలి. తాడు మధ్యలో బరువైన దుప్పటి వేయాలి. మనుషులు తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. డ్రైవర్లు తప్ప బండ్లలో ఎవరూ ఉండకూడదు.

మ్లేహాలోనే పజేరో ఇంకో రోగం బయటపెట్టింది. ఫోర్ వీల్‌లో వేస్తే డాష్‌బోర్డు మీద ముందు చక్రాల లైట్లు వెలగకుండా మిణుకుతూనే ఉన్నాయి, ముందు చక్రాలు తిరగట్లేదు. ఈ బండ్లలో ముందు ఇరుసుని కలిపేది వాక్యూమ్. ఇంజన్ దగ్గర రెండు సోలినాయిడ్ వాల్వులు, వాటి నుంచి ఇరుసు దాకా సన్నటి రబ్బరు గొట్టాలు. ఎండ వేడికి ఆ రబ్బరు గట్టిపడి మూతి దగ్గర చీలుతుంది. ఇంజన్ నడుస్తుండగా చెవి పెడితే సన్నగా బుస్సుమంటూ వినిపిస్తుంది. చీలిన కొసని అంగుళం కోసేసి మళ్లీ తొడిగితే లైట్లు నిలకడగా వెలిగాయి. ఇంటికొచ్చాక గొట్టాలన్నీ మార్చడానికి 45 దిర్హమ్‌లయింది. అంతకుముందు ఇదే రోగానికి ఓ గ్యారేజీ ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా ఇరుసులకి శక్తి పంచే పెట్టె) మోటారు మార్చాలని 2,800 చెప్పింది. లైట్లు మిణుకుతుంటే ముందు గొట్టాలు చూడమనండి.

వేడి ఇంకో పెద్ద జబ్బు. ఇసుకలో బండి నెమ్మదిగా, బరువుగా కష్టపడుతుంది, రేడియేటర్‌కి గాలి సరిగ్గా తగలదు. గేర్‌బాక్స్ ఆయిల్ హెచ్చరిక వెలిగితే ఇంజన్ ఆపకండి. న్యూట్రల్‌లో పెట్టి, ఏసీ ఆపి, ముక్కు గాలివైపు తిప్పి నిలబెట్టండి. చల్లారేముందు రేడియేటర్ మూత తీస్తే చేతులు కాలతాయి. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న ఇసుకని ఇంజన్ వైపు నుంచి బయటికి గాలితో ఊదాలి. ముందు నుంచి ఊదితే ఇంకా లోపలికి పోతుంది. ట్యాంకు పావు కన్నా తగ్గితే నిటారు ఎక్కుడులో పెట్రోలు అందక ఇంజన్ ఆగిపోవచ్చు, దానికి రిపేరు లేదు, ట్యాంకు నింపుకోవడమే.

అబుదాబి ఎడారిలోని లివాకి దారి గురించి చెప్పడానికేం లేదు, నున్నటి రోడ్డు. బస మాత్రం చెప్పాలి. ఓ ఎడారి క్యాంపులో టెంటుకి 600 అన్నారు, భోజనం కలిపే అన్నారు. వెళ్లాక మనిషికి 85 బార్బెక్యూకి వేరే. రాత్రి పదకొండింటికి జనరేటర్ ఆపేశారు, డిసెంబరు చలికి టెంటులో ఒక్కొక్కరికి ఒక్క పల్చటి దుప్పటి. మా చెల్లెలు, పిల్లలు మా ఎఫ్‌జేలో హీటర్ వేసుకుని తెల్లవారేదాకా కూర్చున్నారు. పొద్దున గొడవ పెడితే మేనేజరు 100 తగ్గించాడు, క్షమించమన్న మాట మాత్రం రాలేదు. లివాలో గది కావాలంటే మజైరా ఊళ్లోనే తీసుకోండి, పెట్రోలు బంకు, టైర్ల కొట్టు, తిండి అన్నీ అక్కడే.

ఆ పొద్దున ఆకలి తీర్చింది మజైరాలో మలయాళీలు నడిపే చిన్న కెఫెటేరియా. పొరోటా, గుడ్డు రోస్టు, కరక్ చాయ్. ఎనిమిది మందికి 74 దిర్హమ్‌లు. పొరోటా పొరలు చేత్తో నలిపి వేడిగా పెట్టాడు, గుడ్డు రోస్టులో ఉల్లిపాయ నల్లబడేదాకా వేగింది. పిల్లలు మళ్లీ నవ్వింది అక్కడే.

లివాలోని తల్ మొరీబ్ దాదాపు 300 మీటర్ల దిబ్బ, కింద దాకా తారు రోడ్డే. దాన్ని చూడండి, ఎక్కాలనుకోకండి. అది వేరే ఇంజన్ల పని. చుట్టూ ఉన్న దిబ్బలే కావాల్సినంత. ఇక్కడి ఇసుకలో మెత్తటి గుంటలు పైకి తెలియవు, 12తోనే తిరగాలి. దిబ్బల మధ్య తెల్లగా చదునుగా కనిపించేవి సబ్ఖాలు, ఉప్పు పర్రలు. వాన పడ్డాక పైపొర ఎండినట్టే ఉంటుంది, కింద బురద. అందులో దిగిన బండిని పారతో తీయలేరు. పాత టైరు గాడి లేని సబ్ఖాలోకి వెళ్లకండి.

ఎఫ్‌జే టైరు రిమ్ము నుంచి ఊడింది ఈ దిబ్బల్లోనే. పాత పట్రోల్‌ బండిలో పోతున్న ఒక ఎమిరాతీ పెద్దాయన ఆగాడు. పలక మీద జాకీ పెట్టించి బండి ఎత్తించాడు. రిమ్ము అంచులో ఇసుక రేణువు లేకుండా గుడ్డతో తుడిపించాడు, టైరు చుట్టూ బిగింపు బెల్టు వేశాడు, వాల్వు పిన్ను తీసి కంప్రెసర్ పెట్టాడు. పిన్ను లేకపోతే గాలి ఒక్కసారిగా వస్తుంది, అంచు టప్పుమని కూర్చుంటుంది. కూర్చుంది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఫ్లాస్కులోంచి అందరికీ గహ్వా (అరబ్బీ కాఫీ) పోసి వెళ్లిపోయాడు. 550 తీసుకున్నవాళ్లు చెప్పని పాఠం ఆయన ఇరవై నిమిషాల్లో చేసి చూపించాడు.

కంప్రెసర్ సిగరెట్ లైటర్ సాకెట్‌కి పెట్టేది కొనకండి. ఫ్యూజు 10, 15 ఆంపియర్లే, పెద్ద టైరుకి తట్టుకోదు. బ్యాటరీకి క్లిప్పులు వేసేది తీసుకుని, ఇంజన్ నడుస్తుండగానే వాడండి. మాది 380 పడింది. పార 40, దిగబడితే చక్రాల కింద వేసే ట్రాకులు జత 250, తాడూ రెండు షాకిళ్లూ కలిపి 420. మొత్తం కలిపినా బదాయర్‌లో ఒక్క లాగుడుకి అడిగిన దానికంటే తక్కువే.

ఇసుక వదిలాక గాలి నింపకుండా హైవే ఎక్కొద్దు, 15తో 100లో పోతే టైరు పక్కగోడ వేడికి పేలుతుంది. నింపాక కూడా స్టీరింగ్ వణికితే అలైన్‌మెంటు అనుకుని ఖర్చు పెట్టకండి, రిమ్ము లోపల అంటిన ఇసుక అది, ప్రెషర్ నీళ్లతో కడిగితే పోతుంది. బ్రేకు దగ్గర కీచుమంటే డిస్కు వెనక రేకులో రాయో ఇసుకో ఇరుక్కుంది, రివర్స్‌లో రెండు మూడు సార్లు బ్రేకు వేస్తే రాలిపోతుంది. ఎయిర్ ఫిల్టర్‌ని లోపల నుంచి బయటికి ఊదించి, పొట్ట కింద కడిగించండి. బంకులో ఈ మొత్తానికి 35 తీసుకున్నారు.