పొగ లేని ఇల్లా, పొగ లేని ఊరా? ఏది ముందు?

ఆస్ట్రేలియాలో 2018-19 సర్వే ప్రకారం 15 ఏళ్లు, అంతకు పైబడిన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ దీవుల ప్రజల్లో (అక్కడి మూలవాసుల్లో) 37 శాతం మంది రోజూ పొగ తాగేవారే. మారుమూల ఊళ్లలో ఇంకా ఎక్కువ. అక్కడ పొగను ముందు ఎక్కడ ఆపాలి: ఇంట్లోనా, నలుగురూ తిరిగే చోటా?

ఖర్చు
ఇల్లు: దాదాపు సున్నా. బయట నీడ, కూర్చోవడానికి చోటు ఉంటే చాలు.
ఊరు: బోర్డులు కావాలి, ఇక్కడ తాగొద్దని చెప్పే మనిషి కావాలి.

ఫలితం
ఇల్లు: పసిపిల్లలకు నేరుగా మేలు. చెవి, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు పక్కవాళ్ల పొగ ఒక కారణం. కిటికీ తెరిస్తే సరిపోతుందనుకోవద్దు, పొగ గదిలో నిలిచే ఉంటుంది.
ఊరు: దుకాణం, క్లినిక్, ఆటమైదానం దగ్గర తాగనివ్వకపోతే, పొగ తాగడం మామూలు విషయమన్న భావన పిల్లల్లో తగ్గుతుంది.

చిక్కు
ఇల్లు: ఇదే అసలు కష్టం. ఒకే ఇంట్లో చాలామంది, పైగా వచ్చిపోయే చుట్టాలు. పెద్దాయనను బయటికెళ్లి తాగమని చిన్నవాళ్లు ఎలా చెబుతారు? అందుకే ఆ మాట ఇంటి పెద్దల నోటే రావాలి.
ఊరు: బయటి అధికారులు రుద్దిన నియమం నిలవదు. ఇతరుల పెత్తనం ఆ ప్రజలు తరాలుగా చూశారు.

పసిబిడ్డో గర్భిణో ఉంటే ఇంటితో మొదలుపెట్టండి. ఇళ్లు మరీ కిక్కిరిసి, ఊరి పెద్దలు కలిసొస్తుంటే ఊరి నియమమే ముందు. రెండింటిలో ఏదైనా, మానాలనుకునేవారికి క్లినిక్‌లో సాయం తప్పకుండా అందాలి.